గెలిచాక ఎవరి వాకిట్లో పాడతావు?

మా టల్సా నుంచి దక్షిణంగా కారులో గంట ప్రయాణం చేస్తే చెకోటా వస్తుంది. ఒక్లహామా రాష్ట్రంలో రెండు పెద్ద రహదారులు కలిసేచోట ఉన్న ఊరు. జనాభా మూడు వేల పైచిలుకు. పరిగెత్తే గుర్రం మీద నుంచి దూకి కోడెను కొమ్ములు పట్టి పడగొట్టే ఆట ఒకటుంది ఇక్కడ. ఆ ఆటకు ప్రపంచ రాజధాని మాదేనని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 2005లో ఆ ఊరి అమ్మాయి 'అమెరికన్ ఐడల్' అనే టీవీ పాటల పోటీలో గెలిచాక ఊరి పొలిమేరలో ఇంకో బోర్డు వెలిసింది. ఇది క్యారీ అండర్‌వుడ్ ఊరు అని.

పెళ్ళికి ముందు నేను విజయవాడ ఆకాశవాణిలో లలిత సంగీతం పాడేదాన్ని. ఇక్కడికి వచ్చాక శని, ఆదివారాల్లో మన పిల్లలకు పాట నేర్పుతూ పెద్దదాన్నయ్యాను. ఏటా ఎవరో ఒక తల్లి పక్కకు పిలిచి, "ఆంటీ, మా అమ్మాయిని టీవీ పోటీకి పంపమంటారా?" అని అడుగుతుంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చే ప్రశ్న కాదది. ఈ పొరుగూరి అమ్మాయి పోటీలో పాడుతున్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా పిల్లల్నీ చూస్తున్నాను. ఆ రెండూ కలిపి నాకు తెలిసివచ్చిన సంగతులు ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. భోజనాల చప్పుడులో పాడటం రావాలి

క్యారీ 1983 మార్చి 10న మస్కోగీలో పుట్టి, చెకోటాలో పొలం మీద పెరిగింది. తల్లి చిన్నపిల్లల బడిలో టీచరు. ముగ్గురు ఆడపిల్లల్లో క్యారీయే చిన్నది. పాట మొదలైంది ఊరి బాప్టిస్టు చర్చిలో. తర్వాత లయన్స్ క్లబ్బు సమావేశాల్లో, ఊరు పుట్టిన కథను తలుచుకునే 'ఓల్డ్ సెట్లర్స్ డే' ఉత్సవంలో పాడింది. టాలెక్వాలోని నార్త్ ఈస్టర్న్ స్టేట్ యూనివర్సిటీలో చేరాక, విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ఊళ్ళోనే నడిపిన కంట్రీ (అమెరికా పల్లె) సంగీత ప్రదర్శనలో రెండేళ్ళు పాడింది. ఖర్చులకు పిజ్జా దుకాణంలో బల్లల దగ్గర వడ్డించింది.

ఇవేవీ చెప్పుకోదగ్గ వేదికలు కావని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. చర్చిలో పాడే పిల్లకు ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా తెలిసినవాళ్ళు. ఆ బల్లల్లో ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి కొడుకు సైన్యానికి వెళ్ళాడో ఆమెకు తెలుసు. పాట ఎవరికోసం పాడాలో అక్కడే తెలిసిపోతుంది. లయన్స్ క్లబ్బులో పాడేటప్పుడు సగంమంది తింటూ ఉంటారు. వాళ్ళ చేతిలో ఫోర్కు ఆగేలా పాడాలి.

మా ఊళ్ళో ఉగాది కార్యక్రమం చేస్తే ఒక పక్క పాట, ఇంకో పక్క భోజనాల వరస. సాంబారు గిన్నె మీద గరిటె చప్పుడు, అప్పడాల కోసం పిల్లల పరుగులు, మైకు ఉన్నట్టుండి కీచుమనడం. "ఈ గోలలో మా పిల్లను పాడించకండి, మూడ్ పోతుంది" అని తల్లిదండ్రులు నన్ను బతిమాలతారు. నేను ఒప్పుకోను. మైకు కీచుమన్నప్పుడు ఉలిక్కిపడకుండా, మూతిని అంగుళం వెనక్కి జరిపి, పల్లవి ఎత్తుగడ తప్పకుండా అందుకున్న పిల్ల ఏ స్టూడియో దీపాల కింద నిలబెట్టినా పాడుతుంది. గదిలో తలుపులు వేసుకుని ట్రాకు పెట్టుకుని నేర్చిన పిల్ల, ఎంత శ్రుతి శుద్ధంగా పాడినా, మొదటి ఆటంకానికే చెదిరిపోతుంది.

2. పదమూడేళ్ళకు చేజారింది చేజారడమే మంచిదైంది

ఈ సంగతి ఇక్కడివాళ్ళకు కూడా అందరికీ గుర్తుండదు. 1996లో, క్యారీకి పదమూడేళ్ళ వయసులో, నాష్‌విల్‌లోని క్యాపిటల్ రికార్డ్స్ ఆమె పాట విని ఒప్పందం సిద్ధం చేసింది. ఇంతలో ఆ కంపెనీ యాజమాన్యం మారింది. ఒప్పందం రద్దయింది. అప్పుడది జరగకపోవడమే మేలైందని, తాను అప్పటికి సిద్ధంగా లేనని పెద్దయ్యాక ఆమే చెప్పింది.

పదమూడేళ్ళ గొంతు స్థిరపడిన గొంతు కాదు. ఆడపిల్లలకు కూడా ఆ వయసులో గొంతు మారుతుంది, మగపిల్లలంత కొట్టొచ్చినట్టు కాదు గానీ మారుతుంది. గాలి కలుస్తుంది, పై స్థాయిలో పలుచబడుతుంది. ఆ సమయంలో రోజుకు ఆరేడు గంటలు రిహార్సళ్ళు చేయించి, పెద్దల పాటలు పెద్దల శ్రుతిలో పాడిస్తే గొంతు మీద పడే బరువు జడ్జీలకు కనిపించదు, ఇంట్లోవాళ్ళకు రెండేళ్ళ తర్వాత కనిపిస్తుంది. అందుకే ఆ వయసు పిల్లల్ని పోటీకి పంపుతామంటే, సరదాగా ఒకసారి వెళ్ళిరమ్మంటాను గానీ దాని మీద ఆశలు పెంచవద్దని గట్టిగా చెప్తాను. రాని అవకాశం గురించి ఇంట్లో ఏడాదిపాటు మాట్లాడుకోవడం ఆ పిల్లకు ఎలిమినేషన్ కంటే ఎక్కువ బాధ.

3. తోడు వెళ్ళే మనిషి

హైస్కూలు అయ్యేసరికి క్యారీ పాట మీద ఆశ దాదాపు వదిలేసింది. బతుకుతెరువు చూసుకోవాలి కదా అని జర్నలిజం వైపు చదువుకుంది. 2004 వేసవిలో అమెరికన్ ఐడల్ ఆడిషన్లు మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో జరుగుతున్నాయని తెలిసినప్పుడు వెళ్ళాలా వద్దా అని తటపటాయించింది. తల్లి తాను కారులో తీసుకెళ్తానంది. చెకోటా నుంచి నాలుగు వందల మైళ్ళ పైమాట. అప్పటికి ఆ పిల్ల విమానమే ఎక్కలేదు. ఎంపికై హాలీవుడ్‌కి వెళ్ళినప్పుడే తొలిసారి ఎక్కింది.

పోటీకి వెళ్ళే పిల్లకు కోచ్ కంటే ముందు ఇలాంటి మనిషి కావాలి. ఎంపికైతే ఇంటికి తీసుకురావాలి, కాకపోయినా అదే ముఖంతో తీసుకురావాలి. తల్లో, బాబాయో, మేనత్తో, ఎవరైనా సరే.

4. పోటీ కొలిచేది ఒక్కటే, అది ఏమిటో తెలుసుకుని వెళ్ళాలి

సెయింట్ లూయిస్‌లో జడ్జీల ముందు క్యారీ పాడింది గాయని బోనీ రైట్ పాట. ప్రేమించని మనిషిని ప్రేమించమని బలవంతపెట్టలేని ఆడదాని నిస్సహాయత అందులో ఉంటుంది. అరిచి పాడే పాట కాదు. తర్వాత 2005 మార్చి 22న, పదకొండుమంది మిగిలిన వారంలో, 'హార్ట్' బృందం రాక్ పాట 'అలోన్' పాడింది. పై స్థాయిలో గొంతు పూర్తిగా తెరిచింది. ఆ రోజే సైమన్ కోవెల్ అనే జడ్జి, ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోని మనిషి, ఈ పిల్ల గెలవడమే కాదు, ముందటి విజేతలందరికంటే ఎక్కువ రికార్డులు అమ్ముతుందని అందరి ముందూ అనేశాడు. రెండూ జరిగాయి. 2005 మే 25న తోటి పోటీదారు బో బైస్‌ను దాటి గెలిచింది. ఆ ఆఖరి రాత్రి దాదాపు 3 కోట్లమంది చూశారు.

ఇందులో నాకు పనికొచ్చిన సంగతి ఆ జోస్యం కాదు, ఆ రెండు పాటల మధ్య దూరం. టీవీ పోటీలో పాటను నిమిషంన్నరకు కుదిస్తారు. ఆ నిమిషంన్నరలో ఒక శిఖరం ఉండాలి, జడ్జి లేచి నిలబడాలి, ఇంట్లో ఉన్నవాడు ఫోను అందుకోవాలి. పోటీ కొలిచేది అదే. అందులో తప్పేం లేదు. కానీ పిల్లలు సంగీతమంటేనే అదనుకుంటున్నారు. నా దగ్గరకొచ్చే అమ్మాయిల్లో చాలామంది పల్లవిని త్వరత్వరగా దాటేసి, రెండో చరణంలో తారస్థాయి ఎక్కడుందో అక్కడికి పరిగెడతారు. మధ్యలో మాట సగంలో ఊపిరి తీస్తారు. ఆ పైస్వరం అందుకున్నాక నా వైపు చూస్తారు. వాళ్ళ కళ్ళల్లో నేను లేచి నిలబడాలన్న ఆశ కనిపిస్తుంది. నేను కూర్చునే, "ఇప్పుడు పల్లవి మళ్ళీ పాడమ్మా, నెమ్మదిగా, మాట మాటకీ అర్థం నాకు తెలిసేలా" అంటాను.

మా రోజుల్లో ఆకాశవాణి ఆడిషన్ వేరుగా ఉండేది. ఒక గది, ఒక మైకు, తంబురా. వినేవాళ్ళకు మన ముఖం కనిపించదు, పేరు చెప్పరు. పట్టుచీర కట్టుకున్నామా, నవ్వామా, తండ్రి ఎవరు అన్నవి గోడకు ఇవతలే ఉండిపోయేవి. బి గ్రేడు వచ్చిందంటే అది గొంతుకు వచ్చిన గ్రేడే. ఇప్పటి పోటీల్ని దించేయడానికి ఇది చెప్పడం లేదు. టీవీలో ముఖం కూడా పాడాలి, కథ కూడా పాడాలి, పల్లెటూరి అమాయకత్వం కూడా ఓటు తెస్తుంది. క్యారీకి అవన్నీ కలిసొచ్చాయి. అవి తీసేసినా నిలిచే పాట ఆమె దగ్గర ఉంది. మీ పిల్ల పాటను ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, టీవీలో కాదు, పక్కగదిలోంచి. అప్పుడు ఎలా ఉందో అదే నిజం.

5. గెలిచినవాళ్ళకు వెళ్ళడానికి ఒక ఇల్లుండాలి

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

మే 25న గెలిచిన క్యారీ జూన్ 10కల్లా నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద పాడింది. ఆప్రీ అంటే ఏమిటో మనవాళ్ళకు చెప్పాలి. 1925లో నాష్‌విల్ రేడియో స్టేషన్ డబ్ల్యూఎస్ఎం మొదలుపెట్టిన వారాంతపు సంగీత కార్యక్రమం అది. ఈనాటికీ ఆగలేదు. చాలా ఏళ్ళు రైమన్ ఆడిటోరియంలో జరిగింది. 1974లో కొత్త భవనానికి మారినప్పుడు, పాత వేదిక నుంచి ఆరడుగుల వెడల్పున ఓక్ చెక్కను గుండ్రంగా కోసి తెచ్చి, కొత్త వేదిక మధ్యలో పొదిగారు. గాయకుడు నిలబడేది ఆ గుండ్రటి చెక్క మీదే. చుట్టూ కొత్త చెక్క, మధ్యలో బూట్ల అరుగుదలతో రంగు మారిన పాత చెక్క. 2010 మేలో నాష్‌విల్‌ను వరద ముంచెత్తినప్పుడు ఆ వేదిక కూడా మునిగింది. నీళ్ళు తీశాక ఆ పాత చెక్కను బాగుచేసి మళ్ళీ అదే చోట పెట్టుకున్నారు.

ఆప్రీలో సభ్యత్వం పోటీ పెట్టి ఇవ్వరు. పెద్దవాళ్ళు పిలవాలి. 2008 మార్చిలో గాయకుడు రాండీ ట్రావిస్ వేదిక మీదకు వచ్చి క్యారీని పిలిచాడు. మే 10న ఒక్లహామావాడే అయిన గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆమెను సభ్యురాలిగా చేర్చుకున్నాడు. అంటే కోట్ల ఓట్లతో గెలిచిన పిల్ల, ఈ ఇంట్లో పెద్దలు పిలిచేదాకా మూడేళ్ళు ఆ గడపలో పాడుతూ ఉంది. పోటీలో గెలిచానని తోసుకురాలేదు.

కంట్రీ సంగీతానికి ఆప్రీ ఒక్కటే కాదు. అమెరికాలో ఊరూరా ఒక కంట్రీ రేడియో స్టేషన్ ఉంది. పొలానికి వెళ్ళే పికప్ ట్రక్కులో, డాక్టరు దగ్గర కూర్చున్నచోట, పెట్రోలు బంకులో అదే మోగుతుంది. కొత్త గాయకులు స్టేషన్ స్టేషన్‌కీ వెళ్ళి, గిటారు పట్టుకుని, ఒక చిన్న గదిలో నలుగురి ముందు పాడి పరిచయం చేసుకుంటారు. వేసవిలో జిల్లా జాతరల్లో పాడతారు. టీవీ పోటీ నుంచి వచ్చినవాళ్ళంటే మొదట్లో ఈ లోకానికి అనుమానమే. అడ్డదారిన వచ్చారని. ఆ అనుమానాన్ని క్యారీ వాదించి పోగొట్టలేదు. పోటీ జరుగుతున్నప్పుడే తాను కంట్రీ గాయనినని చెప్పింది, గెలిచాక ఆ మాట మీద నిలబడింది. గెలిచిన వెంటనే విడుదలైన 'ఇన్‌సైడ్ యువర్ హెవెన్' పాప్ పాటే. బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టికలో మొదటి వారమే మొదటి స్థానంలో దిగింది. ఒక కంట్రీ గాయనికో గాయకుడికో అలా జరగడం అదే తొలిసారి. అటువైపే వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఆ ఏడు నవంబరు 15న వచ్చిన మొదటి ఆల్బం 'సమ్ హార్ట్స్'తో నాష్‌విల్ గుమ్మంలోకి అడుగుపెట్టింది. ఆ ఆల్బం దరిమిలా 9 సార్లు ప్లాటినం అయింది.

ఇప్పుడు మన సంగతి. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 'పాడుతా తీయగా' మొదలుపెట్టినప్పటి నుంచీ మన పిల్లలు పోటీల్లో మెరుస్తూనే ఉన్నారు. అమెరికన్ ఐడల్‌కి తోబుట్టువైన ఇండియన్ ఐడల్‌లో కారుణ్య 2006లో ఆఖరి మెట్టుదాకా వెళ్ళాడు. శ్రీరామచంద్ర 2010లో, రేవంత్ 2017లో గెలిచారు. దేశమంతా హిందీలో పాడి గెలిచిన తెలుగు పిల్లలు. వాళ్ళ గొంతుల్లో లోటు ఎవరూ చూపించలేరు. కానీ గెలిచిన మర్నాడు వాళ్ళు వెళ్ళి నిలబడడానికి మనం ఏ ఇల్లు కట్టి ఉంచాం? సంగీత దర్శకుడి ఫోను కోసం చూడాలి. ఫోను వస్తే సినిమాలో ఒక పాట. ఆ పాట తెర మీద ఇంకొకరిది. సినిమా ఆడకపోతే పాటా పోతుంది. మిగిలిన రోజుల్లో విదేశాల్లో తెలుగు సంఘాల సభలు, అక్కడ కూడా అడిగేది పాత సినిమా పాటలే. గాయకుడికి తనదంటూ పాట లేదు, తనదంటూ శ్రోత లేడు.

క్యారీ ఎంత గొప్పదో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమెను అందుకున్న ఇల్లు ఎంత గట్టిదో చెప్పేవాళ్ళు తక్కువ. రీబా మెకెంటైర్, విన్స్ గిల్, గార్త్ బ్రూక్స్, టోబీ కీత్, బ్లేక్ షెల్టన్, వీళ్ళంతా ఈ ఒక్లహామా మట్టిలోంచే, ఏ టీవీ పోటీ లేకుండా, ఆ ఇంటికే వెళ్ళారు. ఇల్లుంటే దారి ఏదైనా సరే.

6. పాట రాసేవాళ్ళ గదిదాకా వెళ్ళండి

నాష్‌విల్‌లో పాట పుట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఇద్దరో ముగ్గురో రచయితలు ముందే మాట్లాడుకుని, పొద్దున ఆఫీసుకు వచ్చినట్టు ఒక గదిలో కూర్చుంటారు. చేతిలో గిటార్లు, బల్ల మీద కాఫీ. ఒకరు ఒక మాట అంటారు, ఇంకొకరు దానికి కథ అల్లుతారు. సాయంత్రానికి పాట తయారు. దాన్ని ఎవరు పాడితే బాగుంటుందో వాళ్ళ దగ్గరకు పంపుతారు.

'జీసస్ టేక్ ద వీల్' అలా ముగ్గురు, బ్రెట్ జేమ్స్, హిల్లరీ లిండ్సీ, గోర్డీ శాంప్సన్, కలిసి రాసిన పాట. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక చిన్న వయసు తల్లి పసిబిడ్డను వెనక సీట్లో పెట్టుకుని పుట్టింటికి కారు నడుపుతోంది. బండిలో పెట్రోలు అయిపోవస్తోంది, మనసులో నెమ్మది లేదు. కారు మంచుపలక మీద జారుతుంది. చేతులు స్టీరింగు వదిలేసి దేవుడికి అప్పగిస్తుంది. ఇక్కడి చలికాలంలో కారు నడిపినవాళ్ళకు ఆ క్షణం ఒంటికి తెలుసు. రోడ్డు తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, అది నీరు కాదు, పలకలా గట్టిపడిన నల్లమంచు. బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. నాకూ ఒకసారి బండి అలా అడ్డం తిరిగింది. ఆ పాట రేడియోలో మొదటిసారి విన్నప్పుడు నేను హిందువునా క్రైస్తవురాలినా అన్న ఆలోచనే రాలేదు, బిడ్డ వెనక సీట్లో ఉందన్న భయం ఒక్కటే వచ్చింది. కంట్రీ పాటల పట్టికలో ఆ పాట ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది.

అదే ఆల్బంలో 'బిఫోర్ హి చీట్స్' ఉంది. మోసం చేసిన ప్రియుడి ట్రక్కు టైర్లు కోసి, లైట్లు పగలగొట్టే పిల్ల కథ. ప్రార్థన చేసిన గొంతే పళ్ళు కొరుకుతుంది. ఈ రెండు పాటలూ ఆమె రాసినవి కావు. కానీ వందల పాటల్లోంచి ఈ రెండూ తనవని గుర్తుపట్టింది. పోటీలో వారాల తరబడి ఇతరుల పాటలు పాడిన పిల్లకు ఈ గుర్తుపట్టే చెవి ఉండటం అరుదు. 2007లో ఆమెకు ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ వచ్చింది. దాని వెనకున్నది ఆ చెవే.

మన పిల్లలకు నేను చెప్పేది ఇది. మీ వయసువాళ్ళలో తెలుగు పాట రాసేవాళ్ళు ఎవరున్నారో వెతకండి. వాళ్ళతో కూర్చోండి. మొదటి పది పాటలు బాగుండవు. కూర్చోవడం మానకండి.

7. గెలవనివాళ్ళను కూడా చదవండి

టెక్సస్‌లో లిండేల్ అనే చిన్న ఊరి పిల్ల మిరాండా లాంబర్ట్ 2003లో 'నాష్‌విల్ స్టార్' అనే టీవీ పోటీలో మూడో స్థానంలో ఆగింది. తన పాటలు తాను రాసుకునే పిల్ల. 2005లో వచ్చిన తొలి ఆల్బం నుంచీ తన మాటే తన పాటగా పాడుతూ కంట్రీలో అందరికంటే ఎక్కువ గౌరవం పొందిన గాయనుల్లో ఒకరైంది. అదే పోటీలో 2007లో ఏడో స్థానంలో వెళ్ళిపోయిన కేసీ మస్‌గ్రేవ్స్ కూడా టెక్సస్ పల్లెటూరిదే. ఆమె ఆల్బం 'గోల్డెన్ అవర్'కు 2019లో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా గ్రామీ వచ్చింది, ఏ ఒక్క తరహాకో కాదు, మొత్తం సంగీతానికి ఇచ్చేది.

గెలిచి కిందపడి లేచినవాడు ఇంకొకడు. నార్త్ కరోలినా కుర్రాడు స్కాటీ మెక్రీరీ 2011లో, పదిహేడేళ్ళకే, ఐడల్ గెలిచాడు. కొన్నేళ్ళకు రికార్డు కంపెనీ వదిలేసింది. తాతగారు పోయిన రోజుల్లో, ఇంకో ఐదు నిమిషాలు ఉంటే బాగుండునన్న బాధలోంచి తోటి రచయితలతో కలిసి ఒక పాట రాసుకున్నాడు. ఆ పాటే 2018లో కంట్రీ రేడియోలో మొదటి స్థానానికి చేరింది. అతన్ని నిలబెట్టింది ఐడల్ కిరీటం కాదు, తాత మీద బెంగ.

8. చదువు ఆపకండి

కొద్దిపాటి క్లాసులు మిగిలి ఉండగా క్యారీ ఐడల్‌కి వెళ్ళింది. గెలిచి, రికార్డులు లక్షల్లో అమ్ముడవుతున్న సమయంలో మిగిలిన చదువు పూర్తిచేసి, 2006 మేలో మంచి మార్కులతో పట్టా తీసుకుంది. తర్వాత 2009లో తన ఊరి బడికీ, పశువులకీ, ఊరికీ సాయం చేసే ఒక ఫౌండేషన్ పెట్టింది. బడి బ్యాండుకు వాయిద్యాలు కొనిచ్చింది. ఆ బడి మైదానంలో ఈ రోజు ట్రంపెట్ ఊదే పిల్లకు ఐడల్ ఎవరు గెలిచారో తెలియక్కరలేదు, చేతిలో వాయిద్యం ఉంది.

9. గొంతుకూ ఒంటికీ సెలవివ్వండి

2017 నవంబరులో క్యారీ ఇంటి మెట్ల మీద పడింది. మణికట్టు విరిగింది, ముఖం మీద నలభైకి పైగా కుట్లు పడ్డాయి. నెలల తరబడి జనానికి కనిపించలేదు. తిరిగి వేదిక ఎక్కింది 2018 ఏప్రిల్‌లో. పాడాల్సిన కార్యక్రమాలు ఎన్నో ఉండి కూడా అన్నాళ్ళు ఆగగలిగింది. మనవాళ్ళు గొంతు బొంగురుపోయిన పిల్లకు మిరియాల కషాయం పట్టించి, రాత్రికి ప్రోగ్రాం ఉందని లేపుతారు. సంఘంవాళ్ళు ఏమనుకుంటారో అన్న మొహమాటం. ఏమీ అనుకోరు. అనుకున్నా పర్వాలేదు. జలుబులో, బొంగురులో పాడించకండి.

10. మన ఇల్లు మనమే కట్టుకోవాలి

ఒకప్పుడు మనకూ ఇల్లుండేది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం గానీ, హైదరాబాదు కేంద్రం గానీ, సినిమాతో సంబంధం లేని తెలుగు పాటను పోషించాయి. కృష్ణశాస్త్రి, బాలాంత్రపు రజనీకాంతరావు, ఇంద్రగంటి శ్రీకాంతశర్మ రాసిన పాటలు గాలిలో వచ్చి ఇళ్ళల్లోకి చేరేవి. ఒక పాటను నెలంతా నేర్పేవారు. వంటింట్లో పప్పు రుబ్బుతూ మా అమ్మ ఆ పాట నేర్చుకునేది. నాకు మొదట అమ్మ దగ్గరే వచ్చింది, తర్వాత స్టూడియోలో దిద్దారు. వేదవతీ ప్రభాకర్ లాంటి గాయనిని సినిమా తెర కాదు, రేడియోయే ఇంటింటికీ తెలిసేలా చేసింది. ఆ పాటకు రచయిత ఉన్నాడు, స్వరకర్త ఉన్నాడు, గాయని ఉంది, శ్రోత ఉన్నాడు. ఆ ఇంటిని మనమే పాడుబెట్టుకున్నాం.

జానపదం వైపు చూస్తే కొంత ధైర్యం వస్తుంది. 'మా టీవీ' ఛానల్లో 'రేలా రె రేలా' అనే పోటీ జరిగినప్పుడు పల్లెల నుంచి వచ్చిన గొంతులకు, తర్వాత వెళ్ళడానికి ఒక లోకం ఉంది. బతుకమ్మ ఉంది, బోనాలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, ఇప్పుడు యూట్యూబ్ ఉంది. ప్రతి ఏడూ బతుకమ్మకు కొత్త పాట కావాలని జనమే అడుగుతారు. కంట్రీ సంగీతానికి మన దగ్గర అసలైన బంధువులు ఈ జానపద గాయకులే. పొలం, పశువు, మద్యం, మొగుడి మీద కోపం, దేవుడి మీద భారం, అన్నీ రెండిట్లోనూ ఉన్నాయి. పోటీ తర్వాత నిలదొక్కుకున్న మన పల్లె గొంతుల్ని చూడండి, వాళ్ళ వెనక జాతర ఉంటుంది.

క్యారీ ఇరవయ్యేళ్ళ తర్వాత, 2025లో, అదే అమెరికన్ ఐడల్‌లో జడ్జిగా కూర్చుంది. తనను అందుకున్న ఇల్లు ఎలాంటిదో తెలిసిన మనిషి కాబట్టి కొత్తపిల్లలకు చెప్పడానికి ఆమె దగ్గర మాట ఉంటుంది. మన జడ్జీలు కూడా మార్కులతో పాటు ఒక పాట ఇవ్వాలని నా కోరిక. గెలిచినవాళ్ళకే కాదు, ఆఖరి ఆరుగురికీ తలా ఒక కొత్త పాట, సినిమాది కానిది, వాళ్ళ ఊరి మాటలో. ఛానలు చేయకపోతే సంఘాలు చేయవచ్చు. మా ఊళ్ళో ఇప్పుడు నెలకో సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో చేరుతున్నాం. సినిమా పాట పాడకూడదు, ఇక్కడి పిల్లలో పెద్దలో రాసిన పాటే పాడాలి. వచ్చేది పాతిక మంది. ఒక ఫార్మసిస్టు రాస్తాడు, ఒక కాలేజీ పిల్ల బాణీ కడుతుంది. కొన్ని పాటలు బాగుండవు, అయినా వింటాం. ఈ నెల మా ఇంట్లోనే. పోటీకి వెళ్ళివచ్చిన పిల్లల్ని, వెళ్ళబోయే పిల్లల్ని, వెళ్ళనన్న పిల్లల్ని తీసుకురండి. భోజనాలు ఉంటాయి, చప్పుడూ ఉంటుంది.